వాయిదా గోలీ కూడా మందే!

ఒక ఏడాది కురుమూర్తి జాతర ముగిసిన వారం రోజులకు, ఇరవై నాలుగేళ్ళ కోడలిని వెంటబెట్టుకొని ఒక అత్తగారు నా దగ్గరకు వచ్చింది. మక్తల్ వైపు పల్లె వాళ్ళది. ఆ అమ్మాయికి అయిదు రోజులుగా తలనొప్పి. మొదటి రోజు తలకు గుడ్డ బిగించి కట్టుకొని పడుకొంది. రెండో రోజు ఊళ్ళో ఆర్.ఎం.పి. డాక్టరు ఇంజక్షన్ చేశాడు. తగ్గలేదు. పట్నం వస్తే ఒకరు సైనస్ అన్నారు, మరొకరు కళ్ళద్దాలు రాసిచ్చారు.

"పండుకుంటే ఎక్కువైతది డాక్టరమ్మా, తెల్లారగట్ల తలకాయ పలిగిపోతున్నట్టే ఉంటది" అంది. అప్పటికి రెండుసార్లు వాంతి అయింది. ఆ రోజు పొద్దుటి నుంచి కుడి చెయ్యి తిమ్మిరిగా ఉందట. జ్వరం లేదు. బి.పి. కూడా ఎక్కువ లేదు.

"మందులేమైనా వాడుతున్నావా అమ్మా?" అని అడిగాను.

"ఏం వాడత లేనమ్మా."

"పిల్లలు కాకుండా మాత్రలు?"

ఆ అమ్మాయి తల అడ్డంగా ఊపింది. "అయ్యో, గోలీలంటేనే పారిపోతది మా పిల్ల" అని అత్తగారు వంత పాడింది.

నెలసరి ఎప్పుడు వచ్చిందని అడిగితే మాత్రం కోడలు అత్త ముఖం చూసింది. జాతరకు వెళ్ళాలి గనుక ఆపుకున్నదట. మందుల షాపులో అడిగితే ఇచ్చారట. రోజుకు మూడు. జాతర కాగానే చుట్టాలింట్లో పెళ్ళి వచ్చింది, మరో పట్టీ తెచ్చుకొంది. మొత్తం మీద ఇరవై రోజులు. "మరి మందులేవీ వాడలేదన్నారు గదా?" అంటే అత్తగారు నిజంగానే ఆశ్చర్యపోయింది. "గదేం మందమ్మా! నెల ఆపే గోలీ గదా!"

ఆ సాయంత్రమే హైదరాబాదు పంపాను. అక్కడ ఎమ్.ఆర్.ఐ. తీస్తే, మెదడు నుంచి రక్తాన్ని తిరిగి గుండె వైపు తీసుకుపోయే పెద్ద సిరలో రక్తం గడ్డకట్టి ఉంది. గడ్డ పెరగకుండా ఇంజక్షన్లు, ఆ తర్వాత నెలల తరబడి మాత్రలు. చెయ్యి స్వాధీనంలోకి వచ్చింది. ఇంకో రెండు రోజులు సైనస్ అనుకుంటూ ఇంట్లోనే ఉంటే ఏమయ్యేదో చెప్పలేను.

ఇది చదివి వెంటనే గర్భనిరోధక మాత్రల పట్టీ పెంటకుప్ప మీద పారేయకండి. అలా పారేసి, మూడో నెలలో గర్భంతో నా దగ్గరకు వచ్చినవాళ్ళను కూడా చూశాను. మాత్రలు మంచివా, చెడ్డవా అనేది అసలు ప్రశ్న కాదు. ఎవరికి మంచివి, ఎవరికి కావు? వేసుకొనే ముందు ఎవరైనా మిమ్మల్ని నాలుగు మాటలు అడిగారా? అడిగితే మీరు నిజం చెప్పారా? అదీ సంగతి.

ఒకే తల్లి బిడ్డలు

వాయిదా గోలీలో ఉండే మందు పేరు నారెథిస్టిరాన్. దాని పుట్టుపూర్వోత్తరాలు తెలిస్తే మా అత్తగారి ఆశ్చర్యం ఇంకా పెరిగేది. 1951లో మెక్సికోలో తయారైన ఈ రసాయనం నుంచే గర్భనిరోధక మాత్రల కథ మొదలైంది. ఈనాటికీ ఎన్నో గర్భనిరోధకాల్లో ఇదే మందు ఉంది. అంటే నెల ఆపే గోలీ, పిల్లలు కాకుండా వాడే గోలీ ఒకే కుటుంబానికి చెందినవి. మోతాదులోనే తేడా. నారెథిస్టిరాన్ ఒక్కటే ఉండే గర్భనిరోధక మాత్రలో ఆ మందు ఒక మిల్లీగ్రాములో మూడో వంతు ఉంటుంది. వాయిదా గోలీలో అయిదు మిల్లీగ్రాములు. రోజుకు మూడు వేసుకుంటే పదిహేను!

ఇంకొక చిక్కు కూడా ఉంది. నారెథిస్టిరాన్ ప్రొజెస్టిరాన్ జాతి మందు. ఆ జాతి మందులు సాధారణంగా రక్తం గడ్డకట్టడాన్ని అంతగా పెంచవు. కానీ ఇంత పెద్ద మోతాదులో వేసుకుంటే, శరీరం దానిలో కొంత భాగాన్ని ఈస్ట్రోజన్‌గా మార్చుకుంటుంది. రోజుకు పది నుంచి ఇరవై మిల్లీగ్రాములు మింగితే, మామూలు గర్భనిరోధక మాత్రలో ఉన్నంత ఈస్ట్రోజన్ ఒంట్లో తయారవుతుందని పరీక్షల్లో తేలింది. ఈ ఈస్ట్రోజన్ తోనే జాగ్రత్త.

ఈస్ట్రోజన్ ఏం చేస్తుంది? గాయమైతే రక్తం కారిపోకుండా గడ్డకట్టించే పదార్థాలు కాలేయంలో తయారవుతాయి. అతిగా గడ్డకట్టకుండా పగ్గం వేసే పదార్థాలూ ఉంటాయి. ఈస్ట్రోజన్ మొదటివాటిని పెంచి, రెండోవాటిని తగ్గిస్తుంది. నూటికి తొంభై తొమ్మిది మందికి పైగా స్త్రీలలో దీనివల్ల ఏ ముప్పూ జరగదు. కానీ కొందరిలో పిక్కలోని లోపలి సిరలో గడ్డ కడుతుంది. ఆ గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ఊపిరి అందదు. అరుదుగా మెదడు సిరల్లోనే కడుతుంది. కొందరిలో ఈస్ట్రోజన్ బి.పి.ని కూడా పెంచుతుంది. బి.పి. పెరిగితే గుండెపోటు, పక్షవాతం ఎంత దూరమో మీకు తెలుసు.

ఇది కొత్తగా కనిపెట్టిన సంగతి కాదు. అమెరికాలో 1960లో ఎనోవిడ్ అనే మాత్రను గర్భనిరోధానికి అనుమతించారు. మరుసటి ఏడాదే, 1961లో, ఇంగ్లండులో ఒక డాక్టరు తన దగ్గరకు వచ్చిన నర్సు గురించి వైద్య పత్రికకు రాశాడు. ఆ మాత్రలు వాడుతుండగా ఆమె ఊపిరితిత్తుల్లో గడ్డలు వచ్చాయి. ఆమె ఆ మాత్రలు పిల్లలు కాకుండా వేసుకోలేదు. గర్భసంచి పొర వేరేచోట పెరిగే జబ్బుకు మందుగా వేసుకొంది! మన మక్తల్ అమ్మాయిలాగే, ఆమె కూడా వేరే పని మీద వాడింది.

మొదటి మాత్రల్లో ఈస్ట్రోజన్ 150 మైక్రోగ్రాములు ఉండేది. 1969లో బ్రిటన్‌లో ఔషధ భద్రతా సంఘం 50 మైక్రోగ్రాములకు మించిన మాత్రలు రాయవద్దని డాక్టర్లకు సలహా ఇచ్చింది. మన మాలా-డి, ప్రభుత్వ దవాఖానల్లో ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ మాత్రల్లో ఉండేది 30 మైక్రోగ్రాములు. అంటే మొదటి మాత్రలో అయిదో వంతు. మీ అమ్మమ్మ కాలంనాటి భయాన్ని మాలా-ఎన్ మీద రుద్దడం న్యాయం కాదు.

ఎంత ప్రమాదం?

లెక్క చెబితే గాని భయం దాని కొలతకు రాదు. మాత్రలు వాడని, గర్భం లేని పదివేల మంది పడుచువాళ్ళను తీసుకుంటే, ఏడాదిలో సుమారు ఇద్దరికి సిరల్లో రక్తం గడ్డకడుతుంది. మాలా-ఎన్ లాంటి పాతతరం మాత్రలు వాడే పదివేల మందిలో అయిదుగురి నుంచి ఏడుగురికి. డెసోజెస్ట్రెల్, డ్రోస్పిరినోన్ వంటివి ఉన్న ఖరీదైన కొత్త మాత్రలు వాడేవారిలో తొమ్మిది నుంచి పన్నెండు మందికి. అవును, ఈ విషయంలో ఖరీదైన రంగుల డబ్బా కంటే ఊరి దవాఖానలో ఊరికే ఇచ్చే పట్టీయే మేలు! గర్భిణికి, అంతకన్నా బాలింతకు, ఈ ప్రమాదం మాత్రలన్నిటికంటే ఎక్కువ. అందుచేత గర్భం వద్దనుకున్న స్త్రీ భయపడి మాత్ర మానేసి గర్భం తెచ్చుకుంటే, చిన్న గుంతను తప్పించుకోబోయి పెద్ద గుంతలో పడినట్టే.

ప్రమాదం అన్ని నెలల్లోనూ ఒకే మాదిరిగా ఉండదు. మొదలుపెట్టిన తొలి నెలల్లో ఎక్కువ, ఆ తర్వాత తగ్గుతుంది. కొన్ని నెలలు మానేసి మళ్ళీ మొదలుపెడితే ఆ తొలి నెలల ప్రమాదం మళ్ళీ మొదటికి వస్తుంది. పెనిమిటి ముంబై, పుణె వలసపోయి పండుగలకు వచ్చినప్పుడల్లా మాత్రలు వేసుకొని, అతను బస్సెక్కగానే మానేసే స్త్రీలు మన పాలమూరులో ఉన్నారు. వారికి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను. అలాంటివారికి కాపర్-టి చాలా అనువైనది. పెట్టించుకుంటే ఏళ్ళ తరబడి దాని సంగతే మరచిపోవచ్చు.

పదివేలకు అయిదుగురంటే కొద్దిమందే గదా అనిపిస్తుంది. కానీ అందరూ ఒకచోటికి చేరే పెద్దాస్పత్రిలో కూర్చొని చూస్తే బొమ్మ వేరుగా కనిపిస్తుంది. హైదరాబాదు నిమ్స్ ఆస్పత్రి డాక్టర్లు 2002 నుంచి 2010 దాకా మెదడు సిరల్లో రక్తం గడ్డకట్టి తమ దగ్గరకు వచ్చిన 428 మంది వివరాలు రాసిపెట్టి, 2012లో ప్రచురించారు. రోగుల సగటు వయస్సు 31 ఏళ్ళు! సగానికి పైగా మగవారే. మాత్రలు వాడిన చరిత్ర 49 మందిలో కనిపించింది. అంటే ఆ స్త్రీలలో దాదాపు నాలుగో వంతు. 42 మంది బాలింతలు. ఇక అందరికంటే ఎక్కువగా, 79 మందిలో కనిపించినది ఏమిటో తెలుసా? రక్తహీనత.

ఇక్కడ కొంచెం ఆగుదాం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 57 మందికి రక్తహీనత ఉంది. ఒంట్లో రక్తం లేనివాళ్ళకు రక్తం గడ్డకట్టడమేమిటని మీరు అడగవచ్చు. నేనూ చదువుకొనే రోజుల్లో అడిగాను. రక్తం పలచబడినా, ఇనుము తగ్గినప్పుడు గడ్డకట్టించే కణాలు కొందరిలో పెరుగుతాయి. దానికి తోడు ఎండలో పని, సరిగా నీళ్ళు తాగకపోవడం, జాతరకని ఉపవాసం. ఒంట్లో నీరు తగ్గితే రక్తం చిక్కబడుతుంది. ఆ పైన రోజుకు మూడు వాయిదా గోలీలు. ఒక్కొక్కటి చిన్నదే. నాలుగూ కలిస్తేనే కష్టం. బాలింతకు చలవ చేస్తుందని నీళ్ళు పోయని ఇళ్ళు ఇప్పటికీ ఉన్నాయి. ఆ అత్తగార్లతో నాకు పెద్ద పోరాటం.

ఎవరు వేసుకోరాదు?

ఈస్ట్రోజన్ ఉన్న మాత్ర మొదలుపెట్టే ముందు బి.పి. ఒక్కసారి చూపించుకోవాలి. పెద్ద పరీక్షలేవీ అక్కర్లేదు. సబ్‌సెంటర్‌లో ఎ.ఎన్.ఎమ్. చూస్తుంది. 140/90 గాని, అంతకంటే ఎక్కువ గాని ఉంటే ఆ మాత్ర కాకుండా వేరే మార్గం చూసుకోవాలి. 160/100 అయితే ఆ మాత్ర మాటే ఎత్తకూడదు. మొదలుపెట్టాక మూడు నెలలకు మళ్ళీ చూపించుకోవాలి. గర్భంతో ఉన్నప్పుడు బి.పి. పెరిగి, కాన్పు తర్వాత తగ్గిపోయినవారు ఆ సంగతి తప్పకుండా చెప్పాలి.

ఇదివరకు కాలి సిరల్లో గాని, ఊపిరితిత్తుల్లో గాని, మెదడులో గాని రక్తం గడ్డకట్టినవారు, పక్షవాతం, గుండెపోటు వచ్చినవారు ఇక జన్మలో దీని జోలికి పోరాదు. అమ్మకో అక్కకో చిన్న వయసులోనే అలా జరిగితే అది కూడా డాక్టరుకు చెప్పాలి, కొన్ని కుటుంబాల్లో రక్తం త్వరగా గడ్డకట్టే గుణం వంశంలోనే వస్తుంది. ముప్పై అయిదేళ్ళు దాటి పొగతాగే అలవాటున్నవారికి గుండెపోటు భయం చాలా ఎక్కువ. మన పల్లెల్లో బీడీ, చుట్ట కాల్చే ఆడవాళ్ళు లేరని ఎవరన్నారు? అడిగితే "లేదమ్మా" అంటారు, కొంగు వాసన చెబుతుంది.

తలనొప్పి అందరికీ వస్తుంది. కానీ తలనొప్పి రాబోయే ముందు కళ్ళ ముందు మెరుపులు, వంకర గీతలు కనిపించేవాళ్ళు, చూపులో ఒక పక్క మసకబారేవాళ్ళు ఉంటారు. ఆ రకం పార్శ్వపు నొప్పి ఉన్నవారు ఈ మాత్ర వేసుకుంటే పక్షవాతం ప్రమాదం పెరుగుతుంది. వారికి ఇది పనికిరాదు. కాన్పయిన ఆరు వారాల లోపు బాలింతకు ఇవ్వకూడదు. పాలిచ్చే తల్లి ఆరు నెలలు ఆగడం మేలు. పెద్ద ఆపరేషన్ ఉంటే నెల ముందే డాక్టరుతో చెప్పి, మధ్యలో వేరే పద్ధతి పాటించాలి.

గుండె కవాటాల జబ్బు సంగతి విడిగా చెప్పాలి. చిన్నప్పుడు గొంతునొప్పి, ఆ వెనుక కీళ్ళ వాపులు, జ్వరం. ఎవరూ పట్టించుకోరు. పదేళ్ళు గడిచాక, పెళ్ళయి కడుపుతో ఉన్నప్పుడు మెట్లెక్కితే ఆయాసం. అప్పుడు బయటపడుతుంది, కవాటం సన్నబడిందని. ఇలాంటి పిల్లలకు గర్భమే ప్రాణగండం కావచ్చు. కాబట్టి "గుండె జబ్బు మనిషికి ఏ గోలీలూ వద్దు" అని పంపేయడం వైద్యం కాదు. అది ఆమెను గర్భానికి అప్పగించడం! గుండె లయ తప్పినవారికి, ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగినవారికి ఈస్ట్రోజన్ మాత్ర ఇవ్వకూడదు. కానీ కాపర్-టి ఉంది, ఈస్ట్రోజన్ లేని పద్ధతులున్నాయి, భర్తకు వేసెక్టమీ ఉంది. ఏది తగునో గుండె డాక్టరూ, స్త్రీల డాక్టరూ కలిసి చెప్పాలి. భర్తకు ఆపరేషన్ అనగానే నా గదిలో ఎంత నిశ్శబ్దం ఆవరిస్తుందో! అయిదు నిమిషాల పని, మర్నాడు ఇంటి దగ్గర ఉంటే చాలు. అయినా ఆ మాట ఎత్తిన రోజు అత్తగార్లు నాతో మాట్లాడరు.

దాచిపెట్టిన పట్టీ

ఈ మధ్య ఇంకో రకం రోగులు వస్తున్నారు. పెళ్ళికాని కాలేజీ పిల్లలు. నెలసరి సరిగా రాదనో, ముఖం మీద మొటిమలనో, గడ్డం కింద వెంట్రుకలనో చూపించుకుంటే, అండాశయాల్లో నీటిబుడగలని చెప్పి మాత్రలు రాస్తారు. అందులో చాలా భాగం గర్భనిరోధక మాత్రలే. సిప్రొటెరోన్ ఉన్న రకం మాలా-ఎన్ కంటే రక్తాన్ని ఎక్కువగా గడ్డకట్టిస్తుంది. అవసరమైన పిల్లకు మంచి మందే. కానీ డబ్బా మీద చదివిన తల్లి గుండె గుభేలుమంటుంది. "పెళ్ళికాని పిల్లకు ఇదా!" అని పట్టీ చీర మడతల్లో దాస్తుంది. పిల్లకు పిక్క వాచినప్పుడు, ఆయాసం వచ్చినప్పుడు, డాక్టరు అడిగితే "ఏ మందులూ లేవండి" అంటుంది. పరువు కోసం దాచిన ఒక్క మాట వల్ల జబ్బు దొరకడానికి మూడు రోజులు ఆలస్యమవుతుంది. తల్లులారా, ఆ మాట డాక్టరు చెవిలోనైనా చెప్పండి.

చెప్పవలసిన బాధ్యత ఒకవైపే ఉందని నేను అనను. 1985లో హైదరాబాదు పక్కనే పటాన్‌చెరులో నెట్-ఎన్ అనే గర్భనిరోధక ఇంజక్షన్‌ను స్త్రీలపై పరీక్షించారు. అది కూడా మన నారెథిస్టిరాన్ కుటుంబానిదే. తమపై జరుగుతున్నది ప్రయోగమని ఆ స్త్రీలకు తెలియదని స్త్రీ శక్తి సంఘటన వారు నిరసించారు, 1986లో సుప్రీం కోర్టు దాకా వెళ్ళారు. అడగకుండా ఇవ్వడం, చెప్పకుండా తీసుకోవడం, రెండూ మనకు పాత అలవాట్లే.

ఇప్పుడు దవాఖానల్లో అంతర ఇంజక్షన్ ఉంది, మూడు నెలలకు ఒకటి. ఈస్ట్రోజన్ లేదు. అయినా బి.పి. బాగా ఎక్కువ ఉన్నవారు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవారు దాన్ని అడగకుండా వేయించుకోరాదు. ఛాయా మాత్ర ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో తయారై 1991లో సహేలీ పేరుతో వచ్చినది ఇదే. హార్మోను కాదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, తర్వాత వారానికి ఒకటి. గడ్డకట్టిన చరిత్ర ఉన్నవారు మాత్రం దీనికి కూడా డాక్టరును అడగాలి. నిరోధ్‌కు ఏ గుండెతోనూ పేచీ లేదు.

మాత్రలు వాడేవారు ఈ గుర్తులు కనబడితే తెల్లారేదాకా ఆగకండి: ఒక్క పిక్కే వాచి, ముట్టుకుంటే నొప్పి, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీలో పోటు, ఎప్పుడూ లేనంత తలనొప్పి, వాంతులు, చూపు తగ్గడం, ముఖమో చెయ్యో కాలో తిమ్మిరెక్కడం, మాట తడబడటం. మాత్ర ఆపి, పట్టీ చేతబట్టుకొని పెద్దాస్పత్రికి వెళ్ళండి. పట్టీ చూపిస్తే డాక్టరు ఆలోచన సగం దూరం ముందే నడుస్తుంది.

మీ ఉత్తరాలకు జవాబులు

నారాయణపేట సోదరి: మీ ఆడపడుచు పెళ్ళికి నెలసరి వాయిదా వేయక తప్పదంటున్నారు. సరే. మీకు బి.పి. లేదు, గడ్డకట్టిన చరిత్ర లేదు, పార్శ్వపు నొప్పి లేదు అని రాశారు. డాక్టరుకు చూపించుకొని చీటీ మీదే తీసుకోండి. వాయిదా వేయడానికి ఈస్ట్రోజన్‌గా మారని మందు కూడా ఉంది, దాన్ని అడగండి. నాలుగైదు రోజులకు మించి పొడిగించకండి. నీళ్ళు బాగా తాగండి. మానేసిన రెండు మూడు రోజుల్లో నెలసరి వస్తుంది. రాకపోతే గర్భ పరీక్ష చేయించుకోండి. వాయిదా గోలీ గర్భం రాకుండా కాపాడుతుందని అనుకోవద్దు.

వనపర్తి సోదరి: మాలా-ఎన్ పట్టీలో చివరి ఏడు మాత్రలు ఇనుము మాత్రలు. వాటిని పారేస్తున్నానన్నారు. పారేయకండి. మీ రక్తహీనతకు అవే కావాలి.

కోస్గి సోదరి: మీకు కాలిలో గడ్డకట్టి ఆరు నెలలు మందులు వాడారు. ఇద్దరు పిల్లలు. ఏ మాత్ర మంచిదని అడిగారు. ఈస్ట్రోజన్ ఉన్న ఏ మాత్రా వద్దు. కాపర్-టి పెట్టించుకోవచ్చు. మీ వారు ఈ పేజీ చదువుతారని రాశారు గనుక వారికి ఒక మాట: వేసెక్టమీకి రక్తం గడ్డకట్టే భయం లేదు, కుట్లు కూడా ఉండవు. ఆపరేషన్ అయ్యాక మూడు నెలల దాకా నిరోధ్ వాడి, వీర్యపరీక్ష చేయించుకుంటే చాలు.